సి డ్రైవ్ రోజూ నిండిపోతోంది, ఎంత తుడిచినా ఆగట్లేదు (డీటీపీ షాపు సిస్టమ్)

చిక్కడపల్లి_డీటీపీ | రాత్రి 9:52

అందరికీ నమస్కారం. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో నాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. గిరాకీ ఎక్కువగా లైబ్రరీలో చదువుకునే పిల్లలదే. నోట్సు, హాల్ టికెట్లు, అప్లికేషన్లు తీయించుకుంటారు. ముహూర్తాలున్నప్పుడు పెళ్లి కార్డుల డిజైనింగ్ కూడా చేస్తాను.

సిస్టమ్ వివరాలు: ఇంటెల్ ఐ5 ఆరో తరం, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. సి డ్రైవ్‌కి 256 జీబీ ఎస్ఎస్‌డీ, డేటాకి విడిగా 1 టీబీ హార్డ్ డిస్క్. పేజ్‌మేకర్, అను ఫాంట్స్, కోరల్‌డ్రా, ఫోటోషాప్ వాడతాను. ఒక లేజర్ ప్రింటర్, ఒక కలర్ ఇంక్‌జెట్ ఉన్నాయి.

సమస్య ఏమిటంటే సి డ్రైవ్ ఎప్పుడు చూసినా ఎర్రగా ఉంటోంది. 237 జీబీలో ఇప్పుడు ఖాళీ 9 జీబీ. టెంప్ ఫైళ్లు తీసేశాను, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను, డిస్క్ క్లీనప్ నడిపాను, డౌన్‌లోడ్స్ మొత్తం డి డ్రైవ్‌లోకి మార్చాను. కొంచెం ఖాళీ అవుతుంది, తర్వాత మళ్లీ మామూలే. మొన్న ఫోటోషాప్ "స్క్రాచ్ డిస్కులు (పని మధ్యలో తాత్కాలికంగా రాసుకునే జాగా) నిండిపోయాయి" అని ఆగిపోయింది. పెళ్లి కార్డు పార్టీ కౌంటర్ ముందే నిలబడి ఉన్నారు, నా పరిస్థితి ఊహించుకోండి. పొద్దున సిస్టమ్ ఆన్ చేశాక ప్రింటర్ రెడీ కావడానికి కూడా ఈ మధ్య చాలాసేపు పడుతోంది.

ఫార్మాట్ కొట్టమని మాత్రం చెప్పకండి. పాత పేజ్‌మేకర్, అను కీబోర్డ్ సెట్టింగులు మళ్లీ సరిచేసుకోవడమంటే నాకు రెండు రోజులు షాపు మూసినట్టే.

కోఠీ_కేబుల్ | రాత్రి 10:05

అన్నా, ఇందులో ఆలోచించేది ఏముంది? సికింద్రాబాద్‌లో పార్క్ లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పో, ఓ 1 టీబీ ఎస్ఎస్‌డీ తెచ్చుకో, క్లోన్ కొట్టు, అంటే పాత డిస్క్ ఉన్నదున్నట్టు దాంట్లకి కాపీ. ఫార్మాట్ అక్కర్లేదు, ఫాంట్లు ఎక్కడివక్కడే ఉంటయి. సాయంత్రానికి పని అయిపోతది.

రూట్_యూజర్ | రాత్రి 10:11

విండోస్‌తో ఇదే గొడవ. విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసుకోండి, 20 జీబీలో మొత్తం సర్దుకుంటుంది.

కోఠీ_కేబుల్ | రాత్రి 10:13

పేజ్‌మేకర్ ఎట్ల నడుస్తది భాయ్ దాంట్ల? అను ఫాంట్స్‌లో కొట్టిన పాత ఫైళ్లు నువ్వు వచ్చి యూనికోడ్ చేసిస్తవా?

టెక్_చిట్కాలు_24 | రాత్రి 10:20

సింపుల్ బ్రో. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ తెరిచి అందులో విన్‌ఎస్ఎక్స్ఎస్, ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్లు డిలీట్ చేసేయ్. రెండూ కలిపి 20 జీబీ దాకా వస్తాయి. ప్రీఫెచ్ కూడా తీసేయ్. నేను చాలామందికి ఇలాగే చేశా.

బైట్_బాబాయ్ | రాత్రి 10:34

చిక్కడపల్లి గారూ, దయచేసి పైన చెప్పిన పని చేయకండి.

ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లో ఉండేవి మీరు వేసుకున్న ప్రోగ్రాముల సెటప్ ఫైళ్లు. రేపు కోరల్‌డ్రాకి అప్‌డేట్ వచ్చినా, రిపేర్ చేయాలన్నా, తీసేయాలన్నా విండోస్ వాటి కోసమే వెతుకుతుంది. అవి లేకపోతే ప్రోగ్రామ్ అప్‌డేట్ కాదు, పోదు. విన్‌ఎస్ఎక్స్ఎస్ అయితే విండోస్ తన భాగాలన్నీ దాచుకునే చోటు. అందులో కనిపించే 10, 12 జీబీ కూడా అసలు లెక్క కాదు. చాలా ఫైళ్లు విండోస్ లోపలే ఉండే సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉన్నవే. డిస్క్ మీద కాపీ ఒక్కటే ఉంటుంది, రెండు చోట్ల రెండు పేర్లతో కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్ మాత్రం రెండుసార్లు కూడుతుంది. దాన్ని తగ్గించాలంటే డిస్క్ క్లీనప్‌లో "సిస్టమ్ ఫైళ్లు శుభ్రం చేయి" అనే బటన్ ఉంది, అది చాలు. చేత్తో తీసేస్తే మర్నాడు విండోస్ లేవకపోవచ్చు. ప్రీఫెచ్ తీసేస్తే మిగిలేది కొన్ని ఎంబీలు, పైగా ప్రోగ్రాములు తెరుచుకోవడం కాస్త నెమ్మదిస్తుంది.

కేబుల్ తమ్ముడి సలహా తప్పు కాదు కానీ అప్పుడే కాదు. రోజూ ఏదో పెరుగుతోందని మీరే చెబుతున్నారు. 1 టీబీ పెడితే అది కూడా ఏదో ఒకరోజు నిండుతుంది, కాకపోతే కొన్నాళ్లు ఆలస్యంగా. ముందు పెరుగుతున్నది ఏదో పట్టుకుందాం.

రెండు పనులు చెబుతాను. విన్‌డిర్‌స్టాట్ అనే ప్రోగ్రాం దించుకోండి. ఉచితం, ఓపెన్ సోర్స్. ఇదే పని చేసే విజ్‌ట్రీ దీనికంటే చాలా వేగం కానీ ఇల్లు కాకుండా షాపుల్లో వాడాలంటే దానికి లైసెన్సు కొనాలి. సి డ్రైవ్ స్కాన్ చేసి ఏ ఫోల్డర్ ఎంతుందో ఇక్కడ రాయండి. రెండోది, సి డ్రైవ్ ఖాళీ ఎంతుందో పొద్దున షాపు తెరవగానే ఒకసారి, మూసే ముందు ఒకసారి కాగితం మీద రాసుకోండి.

చిక్కడపల్లి_డీటీపీ | మధ్యాహ్నం 2:18

బాబాయ్ గారూ, స్కాన్ చేశాను. విండోస్ 27 జీబీ, ప్రోగ్రామ్ ఫైల్స్ రెండూ కలిపి 24, యూజర్స్ 39, ప్రోగ్రామ్ డేటా 6, విడిగా పేజ్‌ఫైల్, హైబర్‌ఫైల్ అని రెండు పెద్ద ఫైళ్లు కలిపి 10. ఇంకా చిల్లర ఓ 2. మొత్తం 108 జీబీ వచ్చింది.

కానీ సి డ్రైవ్ ప్రాపర్టీస్‌లో వాడింది 228 జీబీ అని చూపిస్తోంది! మిగతా 120 జీబీ ఎక్కడికి పోయింది? వైరస్ అంటారా?

ఎడిటింగ్_టేబుల్ | మధ్యాహ్నం 2:40

నేను కృష్ణానగర్‌లో వీడియో ఎడిటింగ్ చేస్తాను. నాకూ ఇలాగే అయితే ప్రీమియర్ ప్రో మీడియా క్యాష్ దొరికింది. ప్రతి ఫుటేజీకీ క్యాష్ ఫైళ్లు తయారుచేసి యూజర్స్ లోపల యాప్‌డేటాలో పెడుతుంది, ప్రాజెక్టు అయిపోయినా తీయదు. కానీ అది స్కాన్‌లో కనిపిస్తుంది. మీది కనిపించట్లేదు కాబట్టి వేరే ఏదో.

ఫోటోషాప్ సంగతి మాత్రం ఇప్పుడే సరిచేసుకోండి. ఎడిట్, ప్రిఫరెన్సెస్, స్క్రాచ్ డిస్క్స్‌లోకి వెళ్లి సి మీద టిక్ తీసి డి మీద పెట్టండి. ఎస్ఎస్‌డీ కాదు కాబట్టి పెద్ద ఫైళ్లకి కాస్త నెమ్మదిగా ఉంటుంది. అయినా కస్టమర్ ముందు ఆగిపోవడం కన్నా నయం కదా.

బైట్_బాబాయ్ | మధ్యాహ్నం 3:02

వైరస్ అని కంగారు పడకండి. కనిపించని 120 జీబీకి మామూలు కారణాలు రెండే. మొదటిది సిస్టమ్ రీస్టోర్. ఏదైనా పాడైతే పాత స్థితికి వెళ్లడానికి విండోస్ దాచుకునే రీస్టోర్ పాయింట్లు సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, దాన్ని విండోస్ ఎవరికీ చూపించదు. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ప్రొటెక్షన్, కాన్ఫిగర్ నొక్కితే ఎంత వాడుతోందో రాసి ఉంటుంది. అది చూడండి.

రెండోది, మీరు విన్‌డిర్‌స్టాట్‌ని మామూలుగా డబుల్ క్లిక్ చేసి తెరిచారు. అడ్మినిస్ట్రేటర్‌గా నడపకపోతే అనుమతి లేని ఫోల్డర్లలోకి అది తొంగిచూడలేదు. ఆ ఫోల్డర్లని సున్నా అనుకుని లెక్కేసి ఉంటుంది. రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెట్టి మళ్లీ నడపండి.

హైబర్‌ఫైల్ అంటే కంప్యూటర్ హైబర్నేట్ అయినప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచే ఫైలు. విండోస్ 10లో ర్యామ్‌లో దాదాపు 40 శాతం ఉంటుంది, మీ 8 జీబీకి 3 జీబీ పైన. మరీ ఇబ్బందైతే ఆపేయొచ్చు కానీ ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతోపాటే పోతుంది. అసలు దొంగ అది కాదు. ఒకసారి ఎంతుందో అంతే ఉంటుంది, రోజూ పెరగదు.

పొద్దున, సాయంత్రం లెక్కలు రాశారా?

పెన్షన్_పీసీ | మధ్యాహ్నం 3:30

మధ్యలో వచ్చినందుకు క్షమించాలి. నేను 1 టీబీ డిస్క్ కొంటే కంప్యూటర్‌లో 931 జీబీయే చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడా?

ఎడిటింగ్_టేబుల్ | మధ్యాహ్నం 3:36

మోసం కాదు సార్. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. చిక్కడపల్లి గారి 256 కూడా 237గా కనిపించేది ముఖ్యంగా అందుకే. మోసం చూడాలంటే రెండు, మూడు వందలకి 2 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌లు చూడాలి. లోపల ఉండేది 16 లేదా 32 జీబీ, చిప్‌లో అబద్ధం రాసిపెడతారు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాంతో డ్రైవ్ నిండా రాయించి తిరిగి చదివిస్తే బండారం బయటపడుతుంది.

చిక్కడపల్లి_డీటీపీ | రాత్రి 9:47

సిస్టమ్ రీస్టోర్ చూశాను. 4 జీబీ మాత్రమే వాడుతోంది.

లెక్కలు: షాపు తెరిచినప్పుడు ఖాళీ 9.1 జీబీ, మూసేటప్పుడు 5.8. రాత్రి సిస్టమ్ ఆపకుండా వదిలేస్తాను, పొద్దున వచ్చి చూసి చెబుతాను. ఈరోజు జనం ఎక్కువ, అడ్మిన్ స్కాన్ పెట్టడానికి తీరిక దొరకలేదు.

కోఠీ_కేబుల్ | రాత్రి 9:55

ఒక్కరోజుల మూడు జీబీ! అప్‌డేట్లు దిగుతున్నట్టున్నయి అన్నా. విండోస్ 10కి సపోర్టే అయిపోయింది, 2025 అక్టోబర్ 14తోని. 11కి పో.

బైట్_బాబాయ్ | రాత్రి 10:01

ఆరో తరం ఐ5కి విండోస్ 11 అధికారికంగా రాదు తమ్ముడూ, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. ఆ చర్చ ఇక్కడ మొదలుపెడితే తెల్లారిపోతుంది.

రూట్_యూజర్ | రాత్రి 10:04

అందుకే లైనక్స్ అన్నాను.

మోడరేటర్ | రాత్రి 10:20

లైనక్స్, విండోస్ 11 గురించి వేరే చర్చలు ఉన్నాయి. ఇక్కడ సి డ్రైవ్ మాత్రమే. టెక్_చిట్కాలు_24 గారి పోస్టు తొలగించడం లేదు, కింద జవాబు ఉంది కాబట్టి అలాగే ఉంచుతున్నాం. కొత్తగా చదివేవారు దయచేసి ఆ ఫోల్డర్లు తీసేయొద్దు.

చిక్కడపల్లి_డీటీపీ | ఉదయం 10:08

పొద్దున కూడా 5.8 జీబీయే. రాత్రంతా ఆన్‌లో ఉన్నా ఒక్క ఎంబీ కదల్లేదు. ఆలోచిస్తే ఇంకోటి గుర్తొచ్చింది. ఆదివారం షాపు ఉండదు, శనివారం రాత్రి ఎంత ఉందో సోమవారం పొద్దున అంతే ఉంటుంది. ఆ మధ్య గ్రూప్స్ హాల్ టికెట్లు వచ్చిన రోజు మాత్రం దారుణం, ఆ ఒక్కరోజే డ్రైవ్ పూర్తిగా నిండి ప్రింటింగ్ ఆగిపోయింది. పిల్లలు లైబ్రరీ గేటు దాకా లైన్‌లో ఉన్నారు. ఏవో పాత ఫైళ్లు తీసేసి ఎలాగో నడిపించాను.

బైట్_బాబాయ్ | ఉదయం 10:25

ఇది చాలా పనికొచ్చే సమాచారం. రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు విండోస్ అప్‌డేట్, డిఫెండర్ స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్ లాంటివన్నీ పనిచేసుకుంటాయి. అప్పుడు పెరగలేదంటే అవేవీ కారణం కాదు. మీరు పనిచేస్తున్నప్పుడే పెరుగుతోంది. అందులోనూ హాల్ టికెట్ల రోజు మీరు ఫోటోషాప్ తెరిచి ఉండరు, కోరల్‌డ్రా తెరిచి ఉండరు. ఆ రోజు చేసిన పని ఒకటే కదా?

సర్వీస్_స్కూటర్ | ఉదయం 10:31

ప్రింటింగ్. బాబాయ్ గారు అక్కడిదాకా తెచ్చి ఆపారు కాబట్టి నేను అందుకుంటాను.

ప్రింటర్ల సర్వీసింగ్ నా పని, సికింద్రాబాద్, ముషీరాబాద్ వైపు తిరుగుతుంటాను. చిక్కడపల్లి గారూ, స్కాన్ కోసం ఆగక్కర్లేదు. లేజర్ ప్రింటర్ క్యూ విండో, అంటే ప్రింట్‌కి పంపిన జాబుల లిస్టు, తెరవండి. అందులో ఎన్ని జాబులు కనిపిస్తున్నాయి? ప్రింట్ అయిపోయినవి కూడా ఉన్నాయా?

చిక్కడపల్లి_డీటీపీ | ఉదయం 11:15

తెరిచాను. విండో వచ్చాక చాలాసేపు తెల్లగా ఉండిపోయింది. తర్వాత లిస్టు వచ్చింది, కిందికి జరుపుతుంటే అయిపోవట్లేదు!! అన్నిటి పక్కనా "ప్రింటెడ్" అని ఉంది. నిరుడు తీసినవి కూడా ఉన్నాయి. మామూలుగా ప్రింట్ కొట్టి కాగితం తీసిచ్చేస్తాం, ఈ విండో ఎవరు తెరుస్తారండీ.

ఈలోపు అడ్మిన్‌గా విన్‌డిర్‌స్టాట్ కూడా నడిపాను. విండోస్, సిస్టమ్32, స్పూల్, దాని లోపల ప్రింటర్స్ అనే ఫోల్డర్. 114 జీబీ. అంతా ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అనే ఫైళ్లు.

సర్వీస్_స్కూటర్ | ఉదయం 11:40

దొరికింది. ఏం జరుగుతోందో చెబుతాను, తర్వాత ఎలా తీయాలో చూద్దాం.

మనం ప్రింట్ నొక్కగానే ఆ పేజీలు నేరుగా ప్రింటర్‌కి పోవు. స్పూలర్ అనే సర్వీసు ముందు వాటిని డిస్క్ మీద ఆ ఫోల్డర్‌లో రాసుకుని, ప్రింటర్ తీసుకోగలిగినంత కొద్దికొద్దిగా పంపుతుంది. ఒక్కో జాబుకి రెండు ఫైళ్లు. ఎస్‌హెచ్‌డీ చిన్నది, అందులో ఏ ఫైలు, ఎవరు పంపారు, ఏ ప్రింటర్ అనే వివరాలుంటాయి. ఎస్‌పీఎల్‌లో పేజీల అసలు సరుకు ఉంటుంది. ప్రింట్ పూర్తయ్యాక రెండూ వాటంతటవే పోవాలి.

ఎస్‌పీఎల్ సైజు చూసి ఆశ్చర్యపోకండి. పిల్లలు తెచ్చే నోట్సు పీడీఎఫ్ 5 ఎంబీ ఉండొచ్చు, కానీ ఫోన్‌తో స్కాన్ చేసిన పేజీలైతే డ్రైవర్ వాటిని ప్రింటర్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చేసరికి వందల ఎంబీ అవుతుంది. అందుకే మీకు రోజుకి మూడు జీబీ. నాకైతే ఇది తక్కువే అనిపిస్తోంది.

మరి ఎందుకు పోవట్లేదంటే, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "కీప్ ప్రింటెడ్ డాక్యుమెంట్స్" అనే ఒక టిక్ ఉంటుంది. మామూలుగా అది ఖాళీగానే ఉంటుంది, ఎవరో పెట్టారు. అది ఉంటే అయిపోయిన జాబులన్నీ క్యూలోనే ఉండిపోతాయి. సిస్టమ్ రీస్టార్ట్ చేసినా పోవు, డిస్క్ క్లీనప్ ఆ ఫోల్డర్ జోలికే రాదు. పొద్దున ప్రింటర్ రెడీ కావడానికి ఆలస్యమవుతోందన్నారు కదా, స్పూలర్ లేచినప్పుడల్లా ఈ లిస్టంతా చదువుకోవాలి మరి.

చేయాల్సింది వరుసగా:
ముందు ఆ టిక్ తీసి అప్లై నొక్కండి. రెండు ప్రింటర్లకీ విడివిడిగా చూడండి, ఒకదానికి తీస్తే రెండోదానికి పోదు. తర్వాత క్యూలో ఇంకా ప్రింట్ కావాల్సినవి లేవని చూసుకోండి. సర్వీసెస్ విండోలో ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేయండి. ఆపకుండా ఫైళ్లు తీయబోతే "వాడకంలో ఉంది" అని అడ్డుపడుతుంది. ఆగాక ప్రింటర్స్ ఫోల్డర్ లోపలున్న ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి. షిఫ్ట్ మరిచిపోతే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లొచ్చు, అది కూడా సి డ్రైవే. ఫోల్డర్‌ని మాత్రం తీయకండి, లోపలివే. తర్వాత స్పూలర్‌ని స్టార్ట్ చేసి ఒక టెస్ట్ పేజీ కొట్టండి.

క్యూ విండోలోంచే "క్యాన్సిల్ ఆల్" కొట్టొచ్చు కానీ అన్ని వేల జాబులకి అది ఎప్పటికి ముగుస్తుందో చెప్పలేం.

కోఠీ_కేబుల్ | ఉదయం 11:52

జబర్దస్త్. నేను ఎస్ఎస్‌డీ అమ్మేసేవాణ్ణి ఈయనకి.

చిక్కడపల్లి_డీటీపీ | మధ్యాహ్నం 1:30

లేజర్‌కి టిక్ ఉంది, ఇంక్‌జెట్‌కి లేదు. ఇప్పుడు సి డ్రైవ్‌లో 119 జీబీ ఖాళీ!! ఎర్రగీత పోయి నీలం అయింది. టెస్ట్ పేజీ కూడా వెంటనే వచ్చింది. స్కూటర్ గారికి, బాబాయ్ గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

టిక్ ఎవరు పెట్టారో కూడా తెలిసింది. ఇంతకుముందు నా దగ్గర చేసిన కుర్రాడికి ఫోన్ చేస్తే, "అన్నా, ఇంకో కాపీ ఇంకో కాపీ అని అడుగుతున్నారు, ఫైల్ వెతకడానికి టైం పడుతుందని మీరే తిట్టేవారు కదా. క్యూలోనే ఉంటే రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ కొడితే చాలు" అన్నాడు. వాడి తెలివి తక్కువదేం కాదు, నాకు చెప్పి ఉంటే బాగుండేది. వాడు వెళ్లిపోయాక ఆ సౌకర్యం ఉందన్న సంగతి కూడా నాకు తెలీదు.

పెన్షన్_పీసీ | మధ్యాహ్నం 3:10

అంతా చదివాను. నాకు వేరే భయం పట్టుకుంది. నేను పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, జీవన్ ప్రమాణ్ సర్టిఫికెట్ అన్నీ ఇంటి పక్క షాపులోనే ప్రింట్ తీయించుకుంటాను. ప్రింట్ అవగానే నా ముందే ఫైలు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి వస్తాను. ఇలాంటి టిక్ ఉంటే అవన్నీ ఆ ఫోల్డర్‌లో ఉండిపోయినట్టేనా?

సర్వీస్_స్కూటర్ | మధ్యాహ్నం 3:24

టిక్ ఉంటే ఉంటాయి సార్. ఎస్‌పీఎల్ ఫైలుని మళ్లీ ప్రింటర్‌కి పంపొచ్చు, బొమ్మలా చూపించే ప్రోగ్రాములూ ఉన్నాయి. మీరు పీడీఎఫ్ తీయించేసినా స్పూల్‌లో ఉన్న కాపీకి దాంతో సంబంధం లేదు.

ఇంకో విషయం కూడా చెబుతాను, షాపులవాళ్లు కూడా వినాలి. పెద్ద జిరాక్స్ మెషిన్లలో చాలావాటికి లోపల సొంత హార్డ్ డిస్క్ ఉంటుంది. కాపీ తీసినవి, స్కాన్ చేసినవి అందులో పడుతుంటాయి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు అడ్మిన్ మెనూలో డేటా ఎరేజ్ ఆప్షన్ ఉందేమో చూసి, నడిపి ఇవ్వాలి. కొనేవాళ్లూ, అమ్మేవాళ్లూ మెషిన్ మీటర్‌లో ఎన్ని కాపీలు తిరిగిందో చూస్తారు తప్ప ఇది ఎవరూ అడగరు.

ఎడిటింగ్_టేబుల్ | మధ్యాహ్నం 3:41

స్పూల్ సంగతి పక్కన పెట్టండి, షాపు వాట్సాప్ సంగతేంటి? "ఈ నంబర్‌కి పంపండి" అని గోడ మీద రాసి ఉంటుంది, మనం ఆధార్ పంపేస్తాం. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అది కూడా మనమే కింద టైప్ చేసి పంపుతాం! ఇక తాళం వేసి లాభమేంటి. మన ఫోన్‌లో తీసేసినా షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ నుంచి దించిన ఫైలు డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది.

పూర్తి నంబర్ అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. ఆధార్ ఇచ్చే ఉడాయ్ సంస్థ సైట్‌లోనే దించుకోవచ్చు, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

చిక్కడపల్లి_డీటీపీ | రాత్రి 9:35

నిజం చెప్పాలంటే మధ్యాహ్నం ఆ ఫైళ్లు తీసేటప్పుడు నా దృష్టంతా జీబీల మీదే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ 114 జీబీలో చిక్కడపల్లి, గాంధీనగర్, నారాయణగూడ వాళ్ల ఆధార్‌లు, మార్కుల మెమోలు, రెంటల్ అగ్రిమెంట్లు ఎన్ని ఉన్నాయో. మొదటి రోజు డౌన్‌లోడ్స్ మొత్తం డి డ్రైవ్‌లోకి మార్చానని గొప్పగా రాశాను కదా, అందులో ఉన్నవీ అవే.

రెండు ప్రశ్నలు. ఒకటి, షిఫ్ట్ డిలీట్ కొట్టినవి ఎవరైనా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ తీయగలరా? రెండు, పిల్లలు సాయంత్రం వచ్చి ఇంకో కాపీ అడగడం మానరు. టిక్ లేకుండా ఎలా?

బైట్_బాబాయ్ | రాత్రి 10:10

మొదటిది. సి మీది ఎస్ఎస్‌డీ కాబట్టి తీసేసిన చోట్లని విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో డ్రైవ్‌కి చెబుతుంది, డ్రైవ్ వాటిని లోపల తుడిచేసుకుంటుంది. ఆ తర్వాత మామూలు రికవరీ ప్రోగ్రాములకి దొరకడం దాదాపు జరగదు. డి డ్రైవ్ సంగతి వేరు. అది తిరిగే హార్డ్ డిస్క్, డిలీట్ కొట్టినా పైన కొత్తది రాసేదాకా పాతది అలాగే ఉంటుంది. డౌన్‌లోడ్స్‌లోవి తీసేశాక కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి సైఫర్ అనే కమాండ్‌ని డబ్ల్యూ ఆప్షన్‌తో డి డ్రైవ్ మీద నడపండి. ఖాళీ జాగా అంతా కొత్తగా రాసి పాతవాటిని చెరిపేస్తుంది, ఉన్న ఫైళ్లని ముట్టుకోదు. 1 టీబీ డిస్క్ మీద గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి వెళ్లండి. ఎస్ఎస్‌డీ మీద అది నడపకండి, అవసరం లేదు, ఊరికే అరుగుదల.

రెండోది. డి డ్రైవ్‌లో "ఈరోజు" అని ఒక ఫోల్డర్ పెట్టండి. బ్రౌజర్ సెట్టింగుల్లో డౌన్‌లోడ్లు అందులోకే పడేలా మార్చండి. తేదీ ప్రకారం సార్ట్ చేసి ఉంచితే కొత్తది ఎప్పుడూ పైనే ఉంటుంది, ఇంకో కాపీ అడిగితే వెతుక్కునే పని లేదు. షట్టర్ దించే ముందు మొత్తం ఖాళీ చేయండి. పెళ్లి కార్డుల్లాంటి మీ సొంత పని ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటారు కాబట్టి వాటికి ఇబ్బంది ఉండదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. దాని సంగతి ఎలా ఉన్నా, ఎవరి ఆధార్ అయినా మీ దగ్గర రాత్రి ఉండాల్సిన పని లేదు.

చిక్కడపల్లి_డీటీపీ | రాత్రి 10:24

అలాగే చేస్తాను. స్పూల్ ఫోల్డర్‌ని కూడా డి డ్రైవ్‌లోకి మార్చేస్తే ఎలా ఉంటుంది? మళ్లీ ఎవరైనా టిక్ పెట్టినా సి నిండకుండా.

సర్వీస్_స్కూటర్ | రాత్రి 10:40

మార్చొచ్చు, ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌లో స్పూల్ ఫోల్డర్ దారి ఉంటుంది. కానీ మీకు వద్దంటాను. ఇప్పుడు ఎస్ఎస్‌డీ మీద రాస్తోంది కాబట్టి వేగంగా ఉంది, హాల్ టికెట్ల రోజు ఆ తేడా తెలుస్తుంది. పైగా డి నిండేదాకా ఎవరికీ తెలియకుండా అంతా పోగవుతుంది. సి లోనే ఉంచండి, వారానికోసారి క్యూ విండో తెరిచి చూడండి. ఖాళీగా ఉండాలి, అంతే.

కోఠీ_కేబుల్ | మధ్యాహ్నం 12:15

మా ఆఫీసుల చూసినా. అకౌంట్స్ వాళ్ల ప్రింటర్‌కి టిక్ ఉంది, 31 జీబీ. జీతాల స్లిప్పులన్నీ క్యూల కూసున్నయి. చదవకుండనే తీసేసినా, ఒట్టు.

పెన్షన్_పీసీ | సాయంత్రం 5:20

మా ఇంటి ప్రింటర్‌కి టిక్ లేదు, చూసుకున్నాను. అయినా నా సి డ్రైవ్‌లో 8 జీబీయే మిగిలింది. మనవళ్ల ఫోటోలు, వీడియోలు సి డ్రైవ్‌లో ఒక్కటి కూడా పెట్టలేదు, అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి.

ఎడిటింగ్_టేబుల్ | సాయంత్రం 5:31

సార్, డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లోనే. ఆ ఫోటోలన్నీ అందులోనే ఉన్నట్టు. ముందు డి డ్రైవ్‌లో డెస్క్‌టాప్ అని ఒక ఫోల్డర్ చేసుకోండి. తర్వాత ఎక్స్‌ప్లోరర్‌లో డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్‌లో మూవ్ నొక్కి ఆ ఫోల్డర్‌ని చూపించండి. నేరుగా డి డ్రైవ్‌నే చూపించకండి, మళ్లీ వెనక్కి తేవడం తలనొప్పి. "పాత ఫైళ్లు కూడా మార్చాలా" అని అడిగితే యెస్ కొట్టండి. స్క్రీన్ మీద అన్నీ ఉన్నచోటే కనిపిస్తాయి.